జ్వరం జాడ పట్టే గుడారం

అడవిలో శత్రువు కంటికి కనిపిస్తే తుపాకీ చాలు. కనిపించకపోతే...? సూక్ష్మదర్శిని కావాలి! సైన్యం వెంట కదిలే ఫీల్డ్ ఆసుపత్రిలో ఓ మూల చిన్న ప్రయోగశాల ఉండేది అందుకే. మన భద్రాచలం అడవుల్లాంటి చోట దాని విలువ మరీ ఎక్కువ.

వానాకాలం. చర్ల దాటి ఛత్తీస్‌గఢ్ వైపు వెళ్తే దారికి అడ్డంగా పొంగే వాగులు. అక్కడో శిబిరంలో జవాను చలితో వణికిపోతున్నాడనుకోండి. మలేరియానా? టైఫాయిడా? డెంగీయా? మూడూ జ్వరంతోనే మొదలవుతాయి. ముగ్గురికీ ఒకే మందు పనికిరాదు. అది ఫాల్సిపేరం రకం మలేరియా అయితే, చికిత్స అందకుండా 24 గంటలు గడిస్తే ప్రాణం మీదికి రావచ్చు. వాగు దిగదు, మబ్బుల్లో హెలికాప్టర్ రాదు. జవాబు అక్కడే దొరకాలి!

ఈ సమస్య ఇవాళ్టిది కాదు. 1879లో రంప తిరుగుబాటు భద్రాచలం తాలూకాలోని రేకపల్లి దాకా పాకినప్పుడూ, 1922-24లో అల్లూరి సీతారామరాజు పోరాడినప్పుడూ మన్యంలోకి బలగాలు వచ్చాయి. కొండ దారుల కంటే వాటిని ఎక్కువ బెదరగొట్టింది చలిజ్వరం. 1879 నాటికి ఆ జ్వరం ఎలా వస్తుందో ఎవరికీ తెలియదు. చెడుగాలి అన్నారు, చిత్తడినేల అన్నారు. అసలు గుట్టు బయటపెట్టింది ఓ సైనిక వైద్యుడు... అదీ మన సికింద్రాబాద్‌లో!

బేగంపేటలో ఆ రోజు

రొనాల్డ్ రాస్ అల్మోరాలో పుట్టాడు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరాడు. దోమే మలేరియాని మోస్తుందేమోనన్న ఆలోచన లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ ఇచ్చాడు. 1895లో సికింద్రాబాద్ వచ్చి, 19వ మద్రాస్ ఇన్‌ఫెంట్రీ వైద్యుడిగా పనిచేస్తూనే దోమల్ని కోసి చూడటం మొదలుపెట్టాడు. రెండేళ్లు ఫలితం లేదు. ఎందుకంటే ఆయన చూస్తున్నవి వేరే జాతి దోమలు. మధ్యలో నీలగిరి అడవులకు వెళ్లి తనే మలేరియా తెచ్చుకున్నాడు.

1897 ఆగస్టు 16న, రెక్కల మీద మచ్చలున్న పది దోమల్ని హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టనిచ్చాడు. దోమకు అణా చొప్పున అతనికి పది అణాలు ముట్టాయి. ఉక్కపోతతో చెమట ధారలు కట్టి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒక్క కంటి కటకమూ పగిలింది. పంకా వేస్తే కోసిన దోమ ముక్కలు ఎగిరిపోతాయని దాన్నీ ఆపేశాడు. ఆగస్టు 20న ఓ దోమ కడుపు గోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు కనిపించాయి. మలేరియా రోగి రక్తంలో ఉండే రేణువుల్లాంటివే అవి! మర్నాడు మరో దోమలో చూస్తే ఆ కణాలు ఇంకాస్త పెద్దవయ్యాయి. అంటే, క్రిమి దోమలో పెరుగుతోందన్నమాట.

మరుసటి నెలలోనే ఆయన్ని రాజస్థాన్‌లోని ఖేర్వాడాకు బదిలీ చేశారు. అక్కడ మలేరియా రోగులే దొరకలేదు. చివరకు 1898లో కలకత్తాలో, పక్షుల మలేరియా మీద మిగతా కథ పూర్తిచేశాడు. 1902లో నోబెల్ వరించింది. ఆగస్టు 20 ప్రపంచ దోమల దినమైంది.

కుక్కరూ... కొవ్వొత్తీ

రాస్ పడ్డ ఇబ్బందులే ఇప్పటి ఫీల్డ్ ల్యాబ్‌కీ ఉంటాయి. వేడి, దుమ్ము, కరెంటు. క్రిముల్ని పెంచే ఇంక్యుబేటర్ 37 డిగ్రీల దగ్గర ఉండాలి. మామూలు ఇంక్యుబేటర్‌కు వేడిచేయడమే తెలుసు, చల్లబరచడం రాదు. ఎండాకాలంలో గుడారం లోపల 43 డిగ్రీలుంటే పెట్టెలోనూ అంతకు తగ్గదు. అందుకే ల్యాబ్ గుడారానికి ఏసీ విలాసం కాదు, అవసరం.

పరికరాల్ని క్రిమిరహితం చేసే ఆటోక్లేవ్ పనిచేసేది మన వంటింటి ప్రెషర్ కుక్కర్ సూత్రం మీదే. 15 పౌన్ల ఒత్తిడి, 121 డిగ్రీల వేడి, 15 నిమిషాలు. మెదడువాపు తెచ్చే కొన్ని బ్యాక్టీరియాలకు కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ కావాలి. ప్రత్యేక పరికరం లేకపోతే వాటిని గాజుజాడీలో పెట్టి, కొవ్వొత్తి వెలిగించి మూత బిగిస్తారు. ఒత్తి ఆరిపోయేసరికి లోపల కావలసిన గాలి సిద్ధం!

గాయం నుంచి తీసిన చీముకు గ్రామ్ రంగు వేస్తే కొన్ని నిమిషాల్లోనే క్రిములు ఊదాగానో, గులాబీగానో తేలతాయి. ఏ మందుతో మొదలుపెట్టాలో డాక్టరుకు తెలుస్తుంది. ఏ మందుకు లొంగుతుందో కచ్చితంగా తేలాలంటే మాత్రం రెండు మూడు రోజులు ఆగాలి.

తాగునీటి పరీక్షా ముఖ్యమే. బావికి ఎంత బ్లీచింగ్ పౌడరు కావాలో చెప్పే హొర్రాక్స్ పెట్టె, సైనిక వైద్యుడు విలియం హొర్రాక్స్ తయారుచేసిందే. ఆరు తెల్లకప్పులు, ఓ నల్లకప్పు. నీళ్లు నీలిరంగుకు తిరిగిన మొదటి కప్పే లెక్క చెబుతుంది. సైన్యం కోసం పుట్టిన ఆ పెట్టె పల్లె బావుల దాకా వచ్చింది.

ఆసుపత్రే అనుమానితుడు

ఒక్కోసారి ల్యాబ్ చేదునిజాలూ చెబుతుంది. 2003 తర్వాత ఇరాక్‌లో గాయపడ్డ అమెరికా సైనికుల్లో ఎసినెటోబ్యాక్టర్ అనే మొండి క్రిమి తిష్ఠ వేసింది. యుద్ధభూమి మట్టిలోంచి గాయాల్లోకి చేరిందని అంతా అనుకున్నారు. నమూనాలు తీసి చూస్తే మట్టిలో అది అరుదు. దొరికింది ఫీల్డ్ ఆసుపత్రుల చికిత్స గదుల్లో! చేతులు కడుక్కోవడం, మంచాలు తుడవడం, ఏ యాంటీబయాటిక్ పడితే అది వాడకపోవడం... ఇవన్నీ వైద్యంలో భాగమేనని మరోసారి గుర్తుచేసిందా పరీక్ష.

అడవి అంచున మళ్లీ

సరిహద్దుకు అవతల, సుక్మా జిల్లా పువర్తిలో 2024లో సీఆర్‌పీఎఫ్ ఫీల్డ్ ఆసుపత్రి తెరిచింది. జవాన్లతోపాటు ఊరివాళ్లకీ వైద్యం అందించింది. దోమకు యూనిఫాం తేడా తెలియదు కదా! కొండవాగుల్లో పెరిగే ఎనాఫిలిస్ దోమ గూడెంలో పసిపాపనూ, గస్తీ జవానునూ ఒకేలా కుడుతుంది.

ఇప్పుడు ఆశా కార్యకర్త చేతిలోనే కిట్ ఉంటుంది. వేలి చివర నుంచి చుక్క రక్తంతో పావుగంటలో ఫలితం. అయితే కొన్ని కిట్లు జ్వరం తగ్గాక కూడా వారాల తరబడి ‘ఉంది’ అనే చెబుతాయి. ఎండకు పాడయ్యే ప్రమాదమూ ఉంది. అందుకే గాజుపలక మీది రక్తపుచుక్కకు ఇప్పటికీ విలువ. దాన్ని వెయ్యి రెట్లు పెద్దది చేసి, కనీసం వంద చోట్ల వెతికాకే ‘లేదు’ అనాలి. వైవాక్స్ అయితే ఒక మందు, ఫాల్సిపేరం అయితే మరొకటి. గుడ్డిగా మాత్ర మింగితే అసలు శత్రువు దాక్కుంటాడు.

బేగంపేటలో రాస్ పనిచేసిన భవనం నేటికీ ఉంది. పగిలిన కటకంలోంచి ఆయన చూసిన చూపు అక్కడితో ఆగలేదు. భద్రాచలం అడవి అంచున ఎక్కడో ఓ ల్యాబ్ టెక్నీషియన్ ఇవాళ కూడా గాజుపలక మీదకు వంగి... ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూనే ఉంటాడు. ఆ లెక్క వందకు చేరేదాకా అతని కన్ను రెప్ప వాల్చకూడదు. బయట మంచం మీద వణుకుతున్న మనిషి ఎదురుచూస్తోంది ఆ జవాబు కోసమే!