మెట్ట పల్లెలో వసంతం – చెట్లూ, కోళ్ళూ



వసంతం అనగానే మనకు కోకిలా, మావిచిగురూ, ఉగాది పచ్చడీ గుర్తుకొస్తాయి. బస్తీలో వున్నవాళ్ళకి అంతే మరి. వేపపువ్వు బజారులో కొంటాం, మామిడికాయ బండి మీద కొంటాం. కానీ మా నెల్లూరు జిల్లా పడమటి వైపు, ఆత్మకూరు దాటి ఉదయగిరి పోయే పల్లెల్లో, వసంతం అంటే ఆడవాళ్ళకి కాపలా కాలం. చెట్టున పిందె నిలవాలి, గంప కింద కోడిపిల్ల నిలవాలి. ఆ రెండూ నిలిస్తేనే ఇల్లాలి చేతిలో నాలుగు రూపాయలు. ఇవాళ ఆ సంగతే చెబుతాను.

మా పుట్టిల్లు అక్కడే. ఇంటి వెనక దొడ్డిలో నాలుగు మామిడి, పది నిమ్మ, ఒక చింత, ఒక సపోటా, ఎప్పుడూ ఇరవై ముప్పై నాటుకోళ్ళు. అది మెట్ట నేల. పెన్న మీద సోమశిల జలాశయం ఆత్మకూరుకి దగ్గరే గానీ, ఆ నీళ్ళు అందరి పెరళ్ళకీ రావు కదా! వానలు మాకు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే. సంక్రాంతి దాటిందంటే ఇక బావి అడుగు చూసుకోవలసిందే. ఉదయగిరి దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, ఏడాది పైగా కాచుకుని 1514లో గాని గెలవలేదు. కోట గోడల కన్నా అక్కడి ఎండే ఆయన్ని ఆపిందని మా నాయన వేళాకోళం చేసేవాడు.

సరే, ముందు మామిడి. సంక్రాంతికి అటూ ఇటూ పూత, శివరాత్రి నాటికి పిందె. పూత మీద నీళ్ళు పెడితే చెట్టు కొత్త చిగురు మీదికి పోతుందని పెట్టరు. పిందె బఠాణీ గింజంత అయ్యాక పెడతారు. ఈ తేడా తెలియక మన బస్తీ పెరళ్ళలో పూత చూసి ముచ్చటపడి బిందెలకొద్దీ పోసేవాళ్ళని చూశాను. పిందెలు రాలుతున్నాయని కంగారూ పడొద్దు. వెయ్యి పూలలో ఒక్కటి కాయగా నిలిచినా చెట్టుకి గొప్పే. రాలినవి మాత్రం చెట్టు కింద వుండనీయకూడదు. ముఖ్యంగా పండ్లు మొదలయ్యాక, పండుఈగ పెట్టిన పురుగు రాలిన పండులోంచి మట్టిలోకి దిగి, అక్కడే గూడు కట్టుకుని మళ్ళీ ఈగై లేస్తుంది. కోళ్ళని చెట్ల కిందికి వదిలితే కాళ్ళతో కెలికి ఆ పురుగుల్ని ఏరుకు తింటాయి. మందు ఖర్చూ లేదు, మేత ఖర్చూ లేదు.

నిమ్మ దగ్గర మాత్రం కోళ్ళకి హద్దు పెట్టాలి. నిమ్మ వేళ్ళు పైపైనే వుంటాయి, కెలికితే బయటపడతాయి. అందుకే మా అమ్మ పాదుల మీద ఎండుటాకు పరిచి, చుట్టూ ముళ్ళకంప వేసేది. నీళ్ళు కూడా మొదలుకి తగలకూడదు. మొదలు చుట్టూ మట్టి ఎగదోసి, దాని అవతల గాడి తీసి అందులో పొయ్యాలి. తగిలితే బెరడు కుళ్ళి బంక కారుతుంది. కోళ్ళ పెంట మంచి ఎరువే గానీ పచ్చిది వేస్తే వేళ్ళు మాడతాయి. గుంటలో వేసి మాగనివ్వాలి. ఎండలు ముదిరాక నిమ్మకాయకి ధర పలుకుతుంది కాబట్టి ఆ బిందెడు నీళ్ళకి అంత లెక్క.

ఇక కోళ్ళు. ఎండలు ముదరక ముందే పొదగేస్తారు. గుడ్డు పొదిగేది ఇరవై ఒక్క రోజులు. చైత్రం దాటి పొదగేస్తే వేడికి గుడ్లు మురిగిపోతాయి. గంపలో ఇసుక తడిపి, పైన గడ్డి వేసి, పది పన్నెండు గుడ్లు పెడతారు. ఏడో రోజు రాత్రి టార్చిలైటు ముందు పట్టి చూస్తే లోపల సాలెగూడులాగా ఎర్రటి నరాలు కనబడాలి. తేటగా వున్నది తీసేస్తారు. ఇప్పుడు పల్లెల్లో వనరాజా, గ్రామప్రియ అని హైదరాబాదు పరిశోధన సంస్థ తయారు చేసిన కోళ్ళు కూడా వున్నాయి. గుడ్లు ఎక్కువే, కానీ పొదుగుమీద కూర్చునే బుద్ధి వాటికి తక్కువ. ఆ పనికి మళ్ళీ మన నాటు పెట్టే కావాలి.

మాకు పాల డబ్బు మగవాళ్ళ చేతికి, గుడ్ల డబ్బు ఆడవాళ్ళ కొంగుముడికి. నా పదో తరగతి పరీక్ష ఫీజు ఆ ముడిలోదే. సరిగ్గా ఆ పరీక్షల ముందే, శివరాత్రి వెళ్ళాక, సంతలో చవకగా వచ్చిందని ఒక పెట్టని కొని తెచ్చి మిగతావాటితో కలిపేశాం. మూడో నాడు అది తూలింది. తరవాత ఆకుపచ్చగా పారుకోవడం, నోరు తెరిచి గాలి పీల్చుకోవడం, మెడ మెలి తిరిగిపోవడం. ఇరవై ఎనిమిది కోళ్ళలో వారం తిరిగేసరికి మూడు మిగిలాయి. అమ్మ ఏడవలేదు. ఖాళీ గంపలు కడిగి ఎండలో బోర్లించింది. నన్ను ఆత్మకూరులో కాలేజీలో చేర్పించాలన్న మాట ఆ వేసవిలో ఎవరూ ఎత్తలేదు. కోళ్ళ వల్లనే అని నేను అనను గానీ, ఆ గంపలు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు వుంటాయి.

దాన్నే కొక్కెర తెగులు అంటారు. డాక్టర్లు రాణిఖేత్ అంటారు, కుమావూ కొండల్లోని ఆ ఊళ్ళో 1920లలో మన దేశంలో మొదట గుర్తించారు కనుక. వచ్చాక మందు లేదు. రాకుండా టీకా వుంది. పిల్లలకి మొదటి వారంలోనే లసోటా టీకా, కంట్లోగాని ముక్కులోగాని ఒక్క చుక్క. ఎనిమిది వారాలప్పుడు రెక్క కింద సూది. వారం ముందు నట్టల మందు పోస్తే టీకా బాగా పడుతుంది. జబ్బు పడ్డ కోడికి వెయ్యకూడదు. సంతలో కొన్న కోడిని కనీసం రెండు వారాలు విడిగా కట్టెయ్యాలి.

ఇంత తేలికైతే అందరూ ఎందుకు వేయించరు అంటారా? చిక్కు సీసాలో వుంది. టీకా సీసా వందకో రెండువందలకో వస్తుంది, ఒక ఇంట్లో ఇరవై కోళ్ళకి కాదు. మందు కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి. కలిపే దాకా ఐసులో వుండాలి. అంటే ఆరేడు ఇళ్ళు ఒకే పొద్దున కలిసి రావాలి. మా వదిన ఇప్పుడా పని పట్టింది. నేను ఆత్మకూరు పశువుల ఆసుపత్రిలో సీసా తీసుకుని, కాఫీ ఫ్లాస్కులో ఐసుముక్కల మధ్య పెట్టుకుని బస్సెక్కుతాను. కోళ్ళు గూటిలోంచి వదలక ముందే, తెల్లవారుఝామున మొదలుపెడతాం. మొదటేడు మా పెద్దమ్మే, "కోళ్ళు బాగానే ఉండాయి గదమ్మే, సూదెందుకు?" అని తలుపు వేసుకుంది. బాగున్నప్పుడే వెయ్యాలని ఆమెకి నచ్చచెప్పేసరికి ఐసు సగం కరిగింది.

మీరు ఒక మాట అడగవచ్చు, బర్డ్‌ఫ్లూ కూడా ఇదేనా అని. కాదు. అది వేరే, మనుషులకీ అరుదుగా సోకుతుంది. 2024 ఫిబ్రవరిలో మా జిల్లాలోనే పొదలకూరు మండలం చాటగొట్లలో కనబడింది. కోళ్ళు గుంపుగా చస్తుంటే ఏ తెగులో మనం తేల్చలేం. చచ్చినదాన్ని బొచ్చు పీక్కుని వండుకోకుండా, కాలవలో పారెయ్యకుండా, పశువుల డాక్టరుకి కబురు చేసి, ఆయన చెప్పినట్టు లోతుగా సున్నం వేసి పూడ్చాలి. మనం కొనే మాంసం, గుడ్డు బాగా ఉడికించుకుంటే భయం లేదు.

మొన్న మా వదిన ఫోను చేసింది. ఆరు పెట్టలు పొదుగు మీద వున్నాయట, నిమ్మ బాగా పట్టిందట. ఏడిళ్ళ వాళ్ళు టీకాకి ఒప్పుకున్నారు. సంత దారిలో వుండే ఒక్క ఇల్లు మాత్రం ససేమిరా అంటోందట, అందులోనే కోళ్ళు ఎక్కువ. ఈ ఆదివారం ఫ్లాస్కు పట్టుకుని ముందు వాళ్ళింటికే వెళ్ళాలి.