మౌస్ వచ్చిందని కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది?

కంప్యూటర్‌కు మౌస్ తగిలించగానే తెర మీద బాణం కదులుతుంది. మనం ఏమీ చెప్పనక్కర లేదు. మరి వచ్చింది మౌసో, కీబోర్డో, ప్రింటరో దానికెలా తెలిసింది? లినక్స్ కంప్యూటర్‌లో ఈ సంగతిని మీరే కళ్ళారా చూడవచ్చు.

పూర్వం ఇది ఇంత సులువు కాదు. 1980లలో కంప్యూటర్‌లో కొత్త కార్డు పెట్టాలంటే, దాని మీది జంపర్లనే చిన్న ముక్కలను చేత్తో మార్చి దానికొక సంఖ్య కేటాయించవలసి వచ్చేది. రెండు కార్డులకు ఒకే సంఖ్య పడితే రెండూ మొరాయించేవి. 1996లో యు.ఎస్.బి. పద్ధతి వచ్చాక ఈ బాధ చాలావరకు తప్పింది.

మామూలు యు.ఎస్.బి. ప్లగ్గులోకి తొంగి చూడండి. నాలుగు రేకులు కనిపిస్తాయి. అంచుల్లోని రెండూ 5 వోల్టుల విద్యుత్తుకు, మధ్యలోని రెండూ సమాచారానికి. అంచు రేకులు కాస్త పొడవు. ఎందుకు? ముందు విద్యుత్తు అందాలి, తర్వాతే సంభాషణ!

ఆ తర్వాత జరిగేది, బడిలో కొత్త విద్యార్థి చేరడం వంటిదే. పరికరంలోని ఒక నిరోధం సమాచార తీగల్లో ఒకదాని వోల్టేజిని పెంచుతుంది. అంటే, 'నేను వచ్చాను' అని చెయ్యెత్తడమన్నమాట. కంప్యూటర్ దానికి 1 నుంచి 127 లోపు ఒక రోల్ నంబరు ఇస్తుంది. 'నువ్వెవరు?' అని అడుగుతుంది. పరికరం 18 బైట్లలో జవాబు చెబుతుంది. అందులో తయారీదారు సంఖ్య, వస్తువు సంఖ్య ఉంటాయి. లినక్స్ ఆ సంఖ్యలను తన పట్టికలో వెదికి, తగిన డ్రైవర్‌ను పిలుస్తుంది. డ్రైవర్ అంటే ఆ పరికరం భాష తెలిసిన ప్రోగ్రాము. మౌస్‌లూ పెన్‌డ్రైవ్‌లూ ఎవరు తయారుచేసినా ఉమ్మడి నియమాలు పాటిస్తాయి. కనుక వాటికి సాధారణంగా వేరే డ్రైవర్ అవసరం రాదు.

చేసి చూడండి: టెర్మినల్ తెరిచి, ఎల్-ఎస్-యు-ఎస్-బి అనే అయిదు ఇంగ్లీషు అక్షరాలను చిన్నబడిలో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. వచ్చిన వరుసలను లెక్కపెట్టండి. పెన్‌డ్రైవ్ తగిలించి మళ్ళీ కొట్టండి. ఒక వరుస పెరిగింది కదూ? అందులో 'ఐ.డి.' తర్వాత కనిపించే రెండు సంఖ్యలే దాని గుర్తింపు. ఇవి 16 ఆధారంగా రాసిన సంఖ్యలు. అందుకే అంకెల మధ్య 'ఎ' నుంచి 'ఎఫ్' వరకు అక్షరాలు కూడా వస్తాయి.

ఏదైనా పరికరం పనిచేయకపోతే ఈ పరీక్షే మీకు దారి చూపుతుంది. కొత్త వరుస రాలేదా? తీగ మార్చండి. కొన్ని తీగల్లో ఛార్జింగుకు కావలసినవే తప్ప సమాచార తీగలుండవు. వేరే రంధ్రంలో పెట్టి చూడండి. వరుస వచ్చినా పని జరగడం లేదా? అయితే పరికరం మాట్లాడుతోంది. ఆ భాష తెలిసిన డ్రైవర్ లేకపోవచ్చు. ఇప్పుడు డి-ఎమ్-ఇ-ఎస్-జి అని కొట్టండి. 'అనుమతి లేదు' అని వస్తే మీ ఉపాధ్యాయుల సాయం తీసుకోండి. చివరి వరుసల్లో లినక్స్ తన ఇబ్బందిని తానే చెబుతుంది. కొన్ని వై-ఫై పరికరాలకు ఫర్మ్‌వేర్ అనే ఫైలు కూడా కావాలి. అది లేకపోతే దాని పేరు అక్కడే కనిపిస్తుంది. లినక్స్ కొత్త కూర్పుల్లో కొత్త డ్రైవర్లు చేరుతుంటాయి గనుక, ఒక్కోసారి కూర్పు మారిస్తేనే చాలు.

పనిచేయకపోవడం వేరు, పాడైపోవడం వేరు. మీ బడి బీరువాలో 'పాడైంది' అని చీటీ అంటించిన కెమెరాయో ప్రింటరో ఉందేమో చూడండి. పెద్దల అనుమతితో తగిలించి, దాని సంఖ్యలు రాసుకోండి. పారవేసే ముందు, 'నువ్వెవరు?' అని దాన్ని ఒక్కసారి అడగడం న్యాయం కదా!