రోజూ బిళ్ళా? నెలకో సూదా?

ఒంటికి జబ్బు చేసినట్టే మనసుకీ జబ్బు చేస్తుంది. అందులో ఒకటి స్కిజోఫ్రెనియా. పేరు పలకడం కష్టమే. జబ్బు మాత్రం ఎక్కడైనా ఉంది. ఎవరూ లేకపోయినా చెవిలో మాటలు వినపడతాయి. తనకు ఎవరో కీడు చేస్తున్నారని అనుమానం. అన్నంలో ఏదో కలిపారని తినడం మానేస్తారు. నిద్ర ఉండదు. ఇది గాలి కాదు, చేతబడి కాదు. మెదడుకు వచ్చే జబ్బు.

దీనికి మందులున్నాయి. 1952లో పారిస్ డాక్టర్లు క్లోర్‌ప్రొమజైన్ అనే మందు వాడి చూశారు. గుణం కనపడింది. ఆ తర్వాత ఇంకా ఎన్నో మందులు వచ్చాయి.

మందు వాడితే చాలామందికి ఆ గొంతులు తగ్గుతాయి. నిద్ర పడుతుంది. మనిషి పనిలో పడతాడు. చిక్కు అక్కడే మొదలవుతుంది. "నాకు బాగయింది, ఇంక మందెందుకు?" అంటాడు. కొందరికి తమకు జబ్బు ఉందనే తెలియదు. అది మొండితనం కాదు, జబ్బులో భాగమే. మత్తుగా ఉందని, చేతులు వణుకుతున్నాయని మానేసేవాళ్ళున్నారు. డబ్బు లేక మానేసేవాళ్ళూ ఉన్నారు. మొత్తం మీద దాదాపు సగం మంది చెప్పినట్టు మందు వాడరు.

మానేసిన వారం రోజులు ఏమీ కాదు. అదే మోసం. నెలలు గడిచాక జబ్బు తిరగబెడుతుంది. మందు మానేస్తే ఆ ప్రమాదం దాదాపు ఐదు రెట్లు పెరిగిందని 1999లో అమెరికాలో ఒక పరిశోధన తేల్చింది.

ఇంట్లో ఈ బరువు ఎక్కువగా ఆడవాళ్ళ మీదే పడుతుంది. బిళ్ళ ఇస్తే బుగ్గన పెట్టుకుని, అటు తిరిగి ఉమ్మేస్తాడు. రోజూ తగువే. విసిగిపోయి కొందరు చారులోనో మజ్జిగలోనో కలిపి ఇస్తారు. వాళ్ళ కష్టం అలాంటిది. కానీ ఏదో ఒకరోజు ఆ సంగతి బయటపడుతుంది. అన్నంలో ఏదో కలిపారన్న అనుమానం అప్పుడు నిజమైపోతుంది! ఇక ఆ చేతి అన్నం తినడు.

ఇలాంటి ఇళ్ళకు సూదిమందు పనికొస్తుంది. ఫ్లూఫినజైన్ అనే మందును నువ్వుల నూనెలో కలిపి తయారుచేస్తారు. అవును, నువ్వుల నూనే! దాన్ని కండలో లోతుగా వేస్తారు. నూనెలోంచి మందు కొంచెం కొంచెంగా రక్తంలోకి దిగుతుంది. ఒక్క సూది రెండు నుంచి నాలుగు వారాలు పనిచేస్తుంది. నువ్వులు పడనివాళ్ళు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి.

సూది అంటే బలమైన మందు అనుకుంటారు. కాదు. రోజూ తప్పకుండా బిళ్ళ మింగేవాళ్ళకు బిళ్ళ కూడా అంత బాగానే పనిచేస్తుంది. సూదితో రోజూ తగువు తప్పుతుంది. తేదీకి రాకపోతే నర్సుకు వెంటనే తెలిసిపోతుంది.

సూదికి ఇబ్బందులూ ఉన్నాయి. వేసిన మందును వెనక్కి తీయలేం. అందుకే ముందు కొన్నాళ్ళు బిళ్ళ ఇచ్చి, పడుతుందో లేదో చూస్తారు. కాళ్ళూ చేతులూ బిగుసుకోవడం, వణుకు, ఒకచోట కూర్చోలేకపోవడం రావచ్చు. వీటికి విరుగుడు ఉంది, చెప్పాలి. ఆడవాళ్ళకు నెలసరి ఆగిపోవచ్చు, పాలు రావచ్చు. సిగ్గుపడి దాచుకుంటారు గానీ ఇదీ చెప్పాల్సిందే. కడుపుతో ఉన్నా చెప్పాలి. సొంతంగా మానెయ్యకూడదు.

మరి ఖర్చు? బిళ్ళలకు నెలకు 150 రూపాయలు అనుకోండి. మానేస్తే మిగిలేది ఆ 150. జబ్బు తిరగబెట్టి 20 రోజులు ఆసుపత్రిలో ఉంటే, తోడు ఉన్న మనిషికి రోజుకు 400 చొప్పున 8,000 రూపాయల కూలీ పోతుంది. ఆ డబ్బుతో నాలుగేళ్ళకు పైగా బిళ్ళలు వచ్చేవి. బస్సు చార్జీలు, అప్పు మీద వడ్డీ వేరే.

పాత సూదిమందు చవక. పాలిపెరిడోన్ లాంటి కొత్త సూదిమందు వేలల్లో ఉంటుంది. ఖరీదైనది కాబట్టి గొప్పదా? 2014లో అమెరికాలో దాన్ని హాలోపెరిడాల్ అనే పాత సూదిమందుతో పోల్చి చూశారు. జబ్బును అదుపులో పెట్టడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పాతదానితో కుదురు లేకపోవడం ఎక్కువ, కొత్తదానితో బరువు పెరగడం ఎక్కువ. కొత్తదాని కోసం పుస్తెలు తాకట్టు పెట్టే ముందు "పాతది సరిపోదా?" అని డాక్టరును అడగవచ్చు. తప్పేం లేదు.

2017 చట్టం ప్రకారం, పేదవాళ్ళకు ప్రభుత్వ ఆసుపత్రిలో మనసు జబ్బుకు ఉచితంగా వైద్యం చేయాలి. తెల్లకార్డు లేకపోయినా చేయాలి.

బిళ్ళా, సూదా అన్నది జబ్బు మనిషిని కూడా అడగాలి. పట్టుకుని బలవంతంగా వేయిస్తే మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కడు. కుదుటపడి ఉన్నప్పుడు అడిగితే, "రోజూ గుర్తు చేయకండి, సూదే వేయించండి" అనేవాళ్ళూ ఉన్నారు. సూది వేయించాక, మళ్ళీ ఏ తేదీకి రావాలో అడిగి, ఇంటికొచ్చి క్యాలెండరు మీద రాసుకోండి. ఆ తేదీ దాటితే మరుసటి నెల దాకా ఆగవద్దు, వెంటనే తీసుకువెళ్ళండి. సందేహం ఉంటే 14416కు ఫోన్ చేయవచ్చు. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. డబ్బు తీసుకోరు.