గిలక లెక్కలో దాగిన చిక్కు

గిలక లెక్క యనిన మన ఉన్నత తరగతుల విద్యార్థులకు భయము లేదు. రెండు బరువులు, ఒక త్రాడు, ఒక గిలక; కంఠస్థము చేసిన సూత్రమున అంకెలు వేసి జవాబు వ్రాయుదురు. గిలకకును బరువు కలదని చెప్పినంతనే కలము ఆగిపోవును. ఉత్తరపత్రములలో ఏటేట మేము చూచుచున్న తప్పు ఒక్కటే: త్రాటికి ఇరువైపులను తన్యత సమానమని వ్రాయుట.

తిరుగు వస్తువులకు వేరొక సూత్రము లేదు. న్యూటన్ 1687లో ప్రకటించిన రెండవ సూత్రమే ఇచటను చాలును. ఇరుసునకు రెట్టింపు దూరమున నున్న రేణువునకు రెట్టింపు త్వరణము, కనుక రెట్టింపు బలము కావలెను. ఆ బలము రెట్టింపు దూరమున పనిచేయుటచే దాని భ్రామకము నాలుగు రెట్లగును. కావున ప్రతి రేణువు ద్రవ్యరాశిని దూరవర్గముచే గుణించి అన్నిటిని కూడవలెను. ఆ మొత్తమే జడత్వ భ్రామకము. ఆయిలర్ 1765లో తన గ్రంథమున దీనికి ఆ పేరు పెట్టెను. పళ్లెమువంటి నిండు గిలకకు ఇది ద్రవ్యరాశిలో సగమును వ్యాసార్థవర్గముచే గుణించిన లబ్ధము.

ఇక లెక్కకు వత్తము. ఒకవైపు 5 కిలోగ్రాముల నీళ్ల బొక్కెన, మరొకవైపు 3 కిలోగ్రాముల రాయి, నడుమ 4 కిలోగ్రాముల నిండు గిలక. త్రాడు తేలికైనది, గిలకపై జారదు. ఇరుసున ఘర్షణ లేదు. మూడు వస్తువులకు మూడు సమీకరణములు వ్రాయుదము.

బొక్కెనకు: 49 న్యూటనుల బరువునుండి ఆవైపు తన్యతను తీసివేసిన, 5 × త్వరణము.

రాతికి: ఈవైపు తన్యతనుండి 29.4 న్యూటనులు తీసివేసిన, 3 × త్వరణము.

గిలకకు: తన్యతల భేదమును వ్యాసార్థముచే గుణించిన, జడత్వ భ్రామకము × కోణీయ త్వరణము. త్రాడు జారదు గనుక త్వరణమును వ్యాసార్థముచే భాగించినదే కోణీయ త్వరణము. వ్యాసార్థము కొట్టుపడి, తన్యతల భేదము 2 × త్వరణమని తేలును.

మూడింటిని కూడగా 19.6 = 10 × త్వరణము. త్వరణము సెకను వర్గమునకు 1.96 మీటర్లు. బొక్కెనవైపు తన్యత 39.2, రాతివైపు 35.28 న్యూటనులు. భేదము 3.92. గిలకను త్రిప్పునది ఈ భేదమే! ఇరువైపుల తన్యత సమానమైనచో కదలని గిలక కదలనే కదలదు. గిలక బరువును విడిచినచో త్వరణము 2.45 వచ్చును, అనగా నాలుగవవంతు ఎక్కువ. ఇది చిన్న తప్పు కాదు.

కేంబ్రిడ్జిలో బోధించిన జార్జి ఆట్‌వుడ్ ఇట్టి యంత్రమును 1784లో వర్ణించినపుడు గిలకల జడత్వమును విడువక లెక్కించెను.

తెలుగులో చదివిన శాస్త్రము కళాశాలలో పనికిరాదని మన పిల్లలలో కొందరు జంకుచున్నారు. కళాశాలలో మారునవి పేర్లు మాత్రమే. కారణము తెలిసి నేర్చినది ఏ భాషలోనైనను వెంటవచ్చును. వల్లించిన సూత్రము గిలక మారిన చాలు, చేయి విడుచును.

చివరకొక ప్రశ్న. గిలక ద్రవ్యమంతయు అంచుననే యున్నచో త్వరణమెంత? సుమారు 1.63 రావలెను. ఎట్లు వచ్చినదో సూత్రము చూడక వ్రాసి, మాకు చూపుడు.