జాజ్ వినాలనుందా? పాలకొల్లు నుంచి మొదలుపెట్టండి!

ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో ఉండగా హాస్టల్లో ఓ సీనియర్ దగ్గర్నుంచి హార్డ్‌డిస్క్ నిండా జాజ్ ఆల్బమ్‌లు కాపీ చేసుకున్నాను. నాలుగు వందల పైమాటే. ‘నేను జాజ్ వింటా’ అని చెప్పుకోవడానికి భలే ఉండేది. ఓ రోజు ఆ డిస్క్ మంచం మీంచి కిందపడింది. రెండ్రోజులు టిక్కుటిక్కుమని ఆగిపోయింది. పోయినవాటిలో నాకు నిజంగా గుర్తున్నవి ఎన్నని లెక్కేస్తే మూడు తేలాయి. మిగతావి పోయాయని బాధపడటానికి అసలు వింటేగా!

అందుకే ‘జాజ్ కలెక్షన్ మొదలుపెడదామనుకుంటున్నా, ఏవి కొనాలి?’ అని ఎవరైనా అడిగితే వంద పేర్ల జాబితా ఇవ్వను. ఏడు చాలు అంటాను. అదీ ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి ఉండేలా. పదిహేను రోజులకొకటి వినండి. మూడున్నర నెలల్లో మీ చెవి మీకే కొత్తగా అనిపిస్తుంది.

ముందు ఒక్క సూత్రం

మన కచేరీలో పల్లవి పాడి, స్వరకల్పన చేసి, మళ్లీ పల్లవికి వస్తారు కదా. జాజ్‌లోనూ దాదాపు అంతే. మొదట అందరూ కలిసి ఓ ట్యూన్ వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరూ అదే చట్రంలో అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు. చివర్లో మళ్లీ ట్యూన్‌కి చేరుకుంటారు. డ్రమ్మర్ ఒక్కడే వాయిస్తుంటే అది వాళ్ల తని ఆవర్తనం అనుకోండి. ఈ ఒక్కటి పట్టుకుంటే ‘ఇదేంటి, ట్యూన్ ఎటో పోయింది’ అన్న భయం పోతుంది.

1. ది బిలీవర్ (రిమెంబర్ శక్తి, 2000)

ఇది పక్కా జాజ్ కాదు, జాజ్‌కి మన వైపు నుంచి ఉన్న వంతెన. పశ్చిమ గోదావరి పాలకొల్లులో 1969 ఫిబ్రవరిలో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్, ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించి ప్రపంచాన్ని తనవైపు తిప్పుకున్నారు. ఈ ఆల్బమ్‌లో గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్, కంజీర సెల్వగణేశ్‌లతో కలిసి వాయించారు. మాండలిన్, గిటార్ ఒకదానికొకటి జవాబిచ్చుకునే చోట ఆగి వినండి. జాజ్ అంటే ఆ సంభాషణే. శ్రీనివాస్ 2014లో 45 ఏళ్లకే వెళ్లిపోయారు.

2. కైండ్ ఆఫ్ బ్లూ (మైల్స్ డేవిస్, 1959)

శ్రీనివాస్ పుట్టిన ఆ ఫిబ్రవరిలోనే మెక్‌లాఫ్లిన్ న్యూయార్క్‌లో ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్‌తో స్టూడియోలో ఉన్నాడు. అలా పాలకొల్లు నుంచి మైల్స్ దగ్గరికి రెండే అడుగులు. మొదటి ట్రాక్ ‘సో వాట్’లో బేస్ ప్రశ్న అడుగుతుంది, మిగతావాళ్లు రెండే రెండు స్వరాలతో జవాబిస్తారు. దాని ఆధారం డోరియన్ స్కేల్. అంటే మన ఖరహరప్రియ స్వరాలే! గమకాలు, ప్రయోగాలు ఉండవు కాబట్టి అది రాగం కాదు, కానీ స్వరస్థానాలు అవే. మధ్యలో ఎనిమిది బార్లు మొత్తం శ్రుతి అరమెట్టు పైకెళ్లి మళ్లీ కిందికొస్తుంది. ఆ మలుపు మీకు మీరే కనిపెట్టిన రోజు చిన్న పండగే.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. రికార్డింగ్ రోజు టేప్ మెషీన్ వేగం తేడా వల్ల పాత ప్రతుల్లో మొదటి వైపు కాస్త ఎక్కువ శ్రుతిలో వినిపిస్తుంది. 1990ల్లో దాన్ని సరిచేశారు. ఆ తర్వాతి ప్రతులు తీసుకోండి.

3. టైమ్ అవుట్ (డేవ్ బ్రూబెక్ క్వార్టెట్, 1959)

ఇదీ అదే ఏడాది, అదే స్టూడియోలో రికార్డయింది. జాజ్‌లో ఎక్కువగా నాలుగు దెబ్బల లెక్క నడుస్తున్న రోజుల్లో వీళ్లు అయిదు, తొమ్మిది పట్టుకున్నారు. ‘టేక్ ఫైవ్’కి చేత్తో మూడు, రెండు చొప్పున తాళం వేయండి, సరిగ్గా కూర్చుంటుంది. ‘బ్లూ రోండో’ తొమ్మిదిని 2, 2, 2, 3గా విడగొడుతుంది. 1958 పర్యటనలో టర్కీ వీధి సంగీతకారుల దగ్గర బ్రూబెక్ విన్న లయ అది. అదే పర్యటనలో ఆయన బృందం మన దేశానికీ వచ్చింది. తాళం తెలిసిన తెలుగువాళ్లకి ఈ ఆల్బమ్ అన్నిటికన్నా సులువు.

4. ఎ లవ్ సుప్రీమ్ (జాన్ కోల్‌ట్రేన్, 1965)

కైండ్ ఆఫ్ బ్లూలో సాక్సొఫోన్ విన్నారుగా, ఆయనే. నాలుగు భాగాల ఈ ఆల్బమ్‌ని దేవుడికి కృతజ్ఞతగా సమర్పించాడు. నాలుగే స్వరాల ముక్కని పట్టుకుని శ్రుతి మారుస్తూ మళ్లీ మళ్లీ వాయిస్తాడు, చివరికి దాన్నే మాటగా పలుకుతాడు. నామజపం తెలిసిన మనకి వివరించక్కర్లేదు. రవిశంకర్ మీది అభిమానంతో కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు.

5. సండే ఎట్ ద విలేజ్ వాన్‌గార్డ్ (బిల్ ఎవాన్స్ ట్రయో, 1961)

కైండ్ ఆఫ్ బ్లూ పియానిస్ట్ బిల్ ఎవాన్స్, న్యూయార్క్‌లోని ఓ బేస్‌మెంట్ క్లబ్‌లో 1961 జూన్ 25న చేసిన కచేరీ ఇది. గ్లాసుల చప్పుడు, జనం మాటలు కూడా వినిపిస్తాయి. ఇందులో బేస్ వాయించిన స్కాట్ లఫారో ఆ తర్వాత 11 రోజులకే కారు ప్రమాదంలో చనిపోయాడు. వయసు 25. మనలో చాలామందికి మొదటి ఉద్యోగంలో కాస్త కుదురుకునే వయసు. ఆ సంగతి తెలిశాక ఈ ఆల్బమ్‌ని పక్కన పెట్టి ఫోన్ చూడటం నావల్ల కాలేదు.

6. మింగస్ ఆహ్ అమ్ (చార్లెస్ మింగస్, 1959)

బేస్ మీద చెవి పడిందిగా, ఇక ఓ బేసిస్టే నాయకుడైతే ఎలా ఉంటుందో వినండి. 1957లో లిటిల్ రాక్‌లో తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులు బడిలో అడుగుపెట్టకుండా సైనికుల్ని నిలబెట్టిన గవర్నర్ ఫాబస్‌ని వెక్కిరిస్తూ మింగస్ కట్టిన ట్యూన్ ఇందులో ఉంది. ఇక్కడ మాటలుండవు. మాటలతో ఉన్న రూపాన్ని 1960లో వేరే కంపెనీకి రికార్డు చేశాడు. వెక్కిరింత మాత్రం మాటల్లేకుండానే అర్థమవుతుంది.

7. ఎల్లా అండ్ లూయిస్ (1956)

చివర్లో పాట. ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్‌ది పాలమీగడ లాంటి గొంతు, లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ది గరుకు గొంతు. ఇంట్లోవాళ్లతో కలిసి వినడానికి ఇదే మంచిది. మా అమ్మ ఏడింటిలో ‘ఇది మళ్లీ పెట్టరా’ అన్నది దీన్నే.

ఎలా వినాలి, ఎలా దాచుకోవాలి?

ఫోన్ స్పీకర్లో వద్దు. బేస్ సగం వినపడదు, బేస్ లేకపోతే పైన చెప్పిన కథ సగం పోయినట్టే. మామూలు వైర్ ఇయర్‌ఫోన్స్ చాలు. పాత ఎల్పీకి ఒక్కో వైపు ఇరవై నిమిషాలు అటూఇటూ కాబట్టి వీటిలో చాలావరకు ఆల్బమ్ మొత్తం ముప్పావుగంట అటూఇటూగా అయిపోతుంది. సబ్బవరంలో బస్సెక్కి పెందుర్తి, ఎన్‌ఏడీ మీదుగా సిటీలోకి వెళ్లేలోపు ఒకటి అయిపోతుంది. షఫుల్ ఆపేయండి. మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి ఒక్క వాయిద్యాన్నే వెంబడించండి. మూడోసారి ఇంకోదాన్ని.

ముందు స్ట్రీమింగ్‌లో వినండి, నచ్చినవే కొనండి. లైసెన్సులు మారితే స్ట్రీమింగ్ యాప్‌లోంచి ఆల్బమ్ మాయమవచ్చు, కొన్నది మీదే. సీడీ నాణ్యతలో నిమిషానికి పది ఎంబీకి పైగా అవుతుంది. ఫ్లాక్ ఫార్మాట్‌లో దాస్తే నాణ్యత తగ్గకుండానే అది దాదాపు సగానికి వస్తుంది. అంటే ఈ ఏడూ కలిపి రెండు మూడు జీబీలే, ఓ చిన్న పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తాయి. రెండు చోట్ల దాచుకోండి, కిందపడిన డిస్క్ నేర్పిన పాఠమిది! మొదటి జీతం రాగానే టర్న్‌టేబుల్ మీదికి మాత్రం పోకండి. ఏడూ విన్నాక కూడా మనసు లాగితే అప్పుడు చూద్దాం.

జాజ్ వింటే ప్యాకేజీ పెరగదు, ఇంటర్వ్యూలో అడగరు కూడా. కానీ తర్వాత ఏం వినాలో యాప్ చెబితే వినే అలవాటు నుంచి, మీ అంతట మీరు ఎంచుకుని చివరిదాకా వినే అలవాటుకి రావచ్చు. ఒక్కో ఆల్బమ్ అయ్యాక నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాయండి: ‘ఈసారి కొత్తగా ఏం వినపడింది?’ రాయడానికి ఏమీ లేకపోతే తర్వాతిది కొనకండి, అదే ఇంకోసారి వినండి. ఎనిమిదో ఆల్బమ్ ఏదో నేను చెప్పను. ఈ ఏడింటిలో మీకు బాగా నచ్చిన వాద్యకారుడు ఇంకెక్కడ వాయించాడో వెతకండి. అక్కణ్నుంచి కలెక్షన్ మీదే.