చిన్న గీత – పెద్ద తేడా

మెట్టకూరు వారికి ఫ్రెంచి కొత్త కాదు; 1954 దాకా యానాం ఆ పాలనలోనిదే గదా. రెండు మాటలను కలిపే అడ్డగీతను ఆ భాషలో 'త్రే ద్యునియోఁ' అంటారు, అంటే ఐక్యతా గీత అన్నమాట. ఇంగ్లీషువారి హైఫన్ అదే. తెలుగు సమాసం గీత అక్కరలేకుండానే అతుక్కుంటుంది గనుక మనం దీనిని అంతగా లెక్కచేయము. చిక్కు అక్కడే వస్తుంది.

'టెన్-రూపీ నోట్స్' అంటే పది రూపాయల నోట్లు. 'టెన్ రూపీ-నోట్స్' అంటే రూపాయి నోట్లు పది. గీత లేకపోతే ఏదనుకోవాలి? 'రీ-సైన్' అంటే మళ్ళీ సంతకం చేయడం. గీత తీసేస్తే అవే అక్షరాలు 'రిజైన్' అయి, రాజీనామా క్రింద మారతాయి! ఆఫీసు కాగితాలు వ్రాసే మా బోటివారికి ఇది చిన్న విషయమా?

సూత్రం సులువే. రెండు మాటలు జతగూడి నామవాచకానికి ముందు విశేషణంగా నిలిస్తే గీత పెట్టాలి: 'వెల్-నోన్ డాక్టర్'. ఆ జత నామవాచకానికి తరువాత వస్తే సాధారణంగా అక్కరలేదు. 'న్యూలీ బిల్ట్ హౌస్' వంటి చోట, 'లీ'తో ముగిసే క్రియావిశేషణం తరువాత పెట్టరాదు.

మిగిలినవాటికి నిఘంటువే దిక్కు. అదీ కొత్తదే చూడాలి. 2007లో షార్టర్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సుమారు 16,000 మాటలలో గీతలు తీసివేసింది. 'ఐస్-క్రీమ్' రెండు మాటలుగా విడిపోయింది; 'పిజన్-హోల్' ఒకే మాటగా కలిసిపోయింది.

పిల్లలు దరఖాస్తు వ్రాసేటప్పుడు ఒక్కటి చెప్పండి: చదివేవాడు తికమకపడేచోట గీత గీయమని.