సంఘవ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత: కుటుంబములు తెలిసికొనవలసిన విషయములు

ఉద్యోగరీత్యా ఢిల్లీలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబమును ఊహించుకొందము. కుమారునకు 24 ఏండ్లు. చురుకైనవాడు, మాటకారి. బడిలో చదువు దినములనుండియే తోటిపిల్లలను కొట్టుట, ఇంటిలో డబ్బు దొంగిలించుట, రాత్రులు ఇల్లు విడిచిపోవుట అతనికి అలవడెను. ఇప్పుడు ఏ ఉద్యోగమునందును మూడు నెలలకు మించి నిలువడు. చెల్లెలి గొలుసు కుదువబెట్టి, అడిగినచో ఆమెయే ఎక్కడనో పారవైచుకొన్నదని చెప్పును. ఆమె కన్నీరు చూచియు చలింపడు. తండ్రి కొట్టి చూచెను. తల్లి మ్రొక్కులు మ్రొక్కెను. బంధువులు “పెండ్లి చేసిన కుదురుకొనును” అని సలహా చెప్పుచున్నారు. ఇట్టి స్థితిలోనున్న కుటుంబమునకు ముందుగా కావలసినది, ఇంటిలో జరుగుచున్నదేమో గ్రహించుట.

రుగ్మత యనగా నేమి?

ఆలోచించు తీరు, అనుభవించు తీరు, ఇతరులతో మెలగు తీరు కలిసి మనుష్యుని వ్యక్తిత్వమగును. ఈ తీరు తనకుగాని పరులకుగాని దీర్ఘకాలము హాని కలిగించునట్లు స్థిరపడినచో దానిని వ్యక్తిత్వ రుగ్మత యందురు. పరుల హక్కులను, క్షేమమును లెక్కచేయకుండుట ఇందు ప్రధానమైనపుడు అది సంఘవ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత. వైద్యులు దీనిని యాంటీ సోషల్ పర్సనాలిటీ డిజార్డర్ అని వ్యవహరింతురు. నలుగురితో కలియక ఒంటరిగా నుండువారిని ఈ పేరుతో పిలుచుట వాడుకలో నున్నది, అది పొరపాటు. బిడియమునకు ఈ రుగ్మతకు సంబంధము లేదు.

చట్టమును పదేపదే అతిక్రమించుట, అబద్ధములాడి మోసగించుట, ముందువెనుకలు చూడక ప్రవర్తించుట, తరచు కలహములకు దిగుట, తన ప్రాణమునుగాని ఇతరుల ప్రాణమునుగాని లక్ష్యపెట్టకుండుట, ఉద్యోగమునందును అప్పులయందును బాధ్యత వహింపకుండుట, చేసిన హానికి పశ్చాత్తాపపడకుండుట, ఈ ఏడును ముఖ్య లక్షణములు. వీనిలో మూడైనను చిరకాలముగా నుండవలెను. వ్యక్తికి 18 ఏండ్లు నిండియుండవలెను. 15 ఏండ్లకు పూర్వమే తీవ్రమైన దుష్ప్రవర్తన మొదలై యుండవలెను. ఒక్క నేరము చేసినంతమాత్రమున ఎవరును ఈ రోగులు కారు. ఈ రుగ్మత గలవారందరును నేరస్థులు కారు. కావున కోపములో ఇరుగుపొరుగువారు వేసిన ముద్రకు విలువ లేదు. మనోరోగ వైద్యుడు జీవితచరిత్రనంతయు విచారించి నిర్ణయింపవలెను.

కారణములు

దీనికి ఒక్క కారణము చెప్పుటకు వీలులేదు. వంశపారంపర్యముగా వచ్చు స్వభావము కొంత, బాల్యమున పొందిన దెబ్బలు, నిరాదరణ, ఇంటిలోని హింస కొంత కలిసి దీనికి దారితీయును. స్త్రీలలోకంటె పురుషులలో ఇది ఎక్కువగా కనబడును. అమెరికాలో లీ రాబిన్స్ అను పరిశోధకురాలు, బాల్యమున చికిత్సాలయమునకు వచ్చిన ఐదువందలకు పైగా వ్యక్తుల జీవితములను పెద్దవారైన పిదప పరిశీలించి, 1966లో గ్రంథము ప్రకటించెను. పెద్దవారిలోని ఈ రుగ్మతకు మూలము బాల్యముననే కనబడుననియు, అయినను దుష్ప్రవర్తన గల పిల్లలలో అధికసంఖ్యాకులు అట్టి పెద్దవారు కాలేదనియు ఆ పరిశీలన వలన తేలినది. కావున పదేండ్ల బాలుడు దొంగిలించినచో “వీడు చెడిపోయినాడు” అని వదలివేయరాదు. మార్పునకు అనువైన కాలము అదియే. దండన తగ్గించి, నియమములను స్థిరముగా పాటింపజేయుటను, మంచి నడతను మెచ్చుకొనుటను తల్లిదండ్రులకు నేర్పు శిక్షణ మేలు చేయును.

చికిత్స

ఈ రుగ్మతను నయము చేయు మాత్ర ఏదియు లేదు. అయినను చేయదగినది లేదనుట సరికాదు. ఈ వ్యక్తులలో పెక్కుమందికి మద్యపానము, మాదకద్రవ్యములు, దిగులు, ఆందోళన తోడై యుండును. వీనికి చికిత్స గలదు. ఇవి తగ్గినచో హింసయు తగ్గవచ్చును. ఆవేశము కలిగినపుడు ఆగి ఆలోచించుట, ఎదుటివారి మనస్సును ఊహించుట మొదలగువానిని మాటల ద్వారా నేర్పు చికిత్సలు గలవు. ఫలము నెమ్మదిగా వచ్చును; మధ్యలో మానివేయువారు చాలమంది. వయస్సు ముదిరినకొలది, విశేషించి నలుబది దాటిన పిదప, దుడుకుతనము తగ్గుట పెక్కుమందిలో కనబడును.

వీరు తమంతట తాము వైద్యుని వద్దకు వచ్చుట అరుదు. ఉద్యోగము పోయినపుడో, నిద్రపట్టనపుడో, త్రాగుడు దేహమును పీడించినపుడో వారు సహాయము కోరవచ్చును. కుటుంబము ఆ అదను జారవిడువరాదు. “నీకు పిచ్చి” అనక, “నిద్ర కొరకు వైద్యుని చూతము” అనుట మేలు.

ఢిల్లీలో దిల్షాద్ గార్డెన్ నందలి ఇహ్బాస్ సంస్థ, అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, సఫ్దర్‌జంగ్, రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రులు మానసిక చికిత్స నొసగుచున్నవి. మత్తు అలవాట్లకు గాజియాబాదులో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారి జాతీయ కేంద్రము గలదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. రోగి రానపుడు కుటుంబసభ్యులైనను సలహా పొందవచ్చును.

కుటుంబ రక్షణ

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రభుత్వ సేవలలో చికిత్స పొందు హక్కును ప్రజలకు ఇచ్చినది. మానసిక రోగిని గొలుసులతో బంధించుటను ఆ చట్టము నిషేధించినది. వయోజనుని అంగీకారము లేక ఆసుపత్రిలో చేర్చుటకు చట్టము విధించిన కట్టుబాట్లు కఠినమైనవి.

రుగ్మతను అర్థము చేసికొనుట యనగా హింసను సహించుట కాదు. అప్పులు తీర్చుచు, అబద్ధములు కప్పిపుచ్చుచు పోయినచో తప్పునకు ఫలితము అతనికి తెలియదు. ఇచ్చునదేమో, ఈయనిదేమో ముందే చెప్పి, ఆ మాటపై నిలువవలెను. కొట్టుట, బెదిరించుట జరిగినచో 112కు ఫోను చేయవలెను. స్త్రీలు 181కి ఫోను చేయవచ్చును. 2005 గృహహింస చట్టము క్రింద రక్షణ కోరవచ్చును.

ఇక పెండ్లి మాట. పెండ్లి ఔషధము కాదు. దాని వలన రుగ్మత తగ్గదు. దాని బాధ మరియొక యింటి ఆడపడుచు పాలగును. పైన చెప్పిన తల్లిదండ్రులు సంబంధములు వెదకుట మాని, ముందు వైద్యుని సలహా పొందవలెను. చెల్లెలు తన వస్తువులను భద్రపరచుకొని, భయము కలిగినపుడు పోదగిన యిల్లు ఒకటి ముందే నిశ్చయించుకొనవలెను. కుమారునకు చికిత్స, కుమార్తెకు రక్షణ, ఈ రెండును ఆ కుటుంబమునకు సమానమైన బాధ్యతలే.